చందా వేరు, క్రౌడ్‌ఫండింగ్ వేరు

దమ్మాయిగూడలో మా గల్లీ వినాయకుడి కోసం ఏటా చందాలకి తిరుగుతా. ఎక్కువొస్తే పెద్ద విగ్రహం, తక్కువొస్తే చిన్నది. క్రౌడ్‌ఫండింగ్ కూడా అంతే అనుకున్నా. 2018లో వచ్చిన 'మను' సినిమా అలా జనం డబ్బుతో తీసిందే.

నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ ఒక టేబుల్‌టాప్ గేమ్ తయారుచేస్తున్నాం. 'ఆదిత్య 369' (1991) టైమ్ మెషీన్ రోజుల సైన్స్ ఫిక్షన్ లుక్. ఒక్కో ఆటగాడికి ఐదు చిన్న బొమ్మలు. స్కేలుతో కొలిచి జరపాలి, పాచికలేసి కొట్లాడాలి.

మా అంచనా: డిజైన్, అచ్చులకి ఒక్కసారి పెట్టే ఖర్చు 30,000 రూపాయలు. ఒక్కో బాక్సు తయారీ, కొరియర్ కలిపి 400. ధర 700.

"అయితే టార్గెట్ 30,000" అన్నా. తప్పు! 30,000 రావాలంటే 43 బాక్సులు అమ్మాలి. వాటి తయారీ, కొరియర్‌కే 17,200 పోతుంది. మిగిలిన దాంతో అచ్చులు రావు.

సరైన లెక్క ఇది. కిక్‌స్టార్టర్ లాంటి సైటు 5 శాతం, అంటే బాక్సుకి 35 తీసుకుంటుంది. మనకి మిగిలేది 265. 30,000ని 265తో భాగిస్తే 114 బాక్సులు. టార్గెట్ 79,800. పేమెంట్ చార్జీలు అదనం.

కిక్‌స్టార్టర్‌లో టార్గెట్ చేరకపోతే ఎవరి డబ్బూ కట్ అవ్వదు. టార్గెట్ తగ్గించి పెడితే ఆ రక్షణని మనమే తీసేసినట్టు.

ఇప్పటికి 20 మంది క్లాస్‌మేట్స్ "ఇస్తాం" అన్నారు. ఇంకా తీసుకోలేదు. 114 మంది అయ్యాకే తీసుకుంటాం. చిన్న విగ్రహమైనా వినాయకుడు సర్దుకుంటాడు. 700 ఇచ్చినోడికి సగం బాక్సు ఇవ్వలేం కదా!