ఏటేటా ఒక అంగీ

కుటుంబ ప్రార్థన పాఠము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 2:12–21, ఆదికాండము 42:36 – 43:14, 2 సమూయేలు 14:28, 18:24–33, యోబు 1:4–5, 18–21
కంఠస్థ వాక్యము: 1 పేతురు 5:7



మన కృష్ణా డెల్టా గ్రామములలో సాయంకాల ప్రార్థనకు కూడుకొనినప్పుడు, ఎవరి కొరకు ప్రార్థింపవలెనని అడిగినచో, పంటల కంటెను రోగముల కంటెను ముందుగా వచ్చు మనవి బిడ్డలను గూర్చినదే. "అయ్యగారూ, మా పెద్దవాడు కువైటులో ఉన్నాడు." "మా అమ్మాయి హైదరాబాదులో రాత్రి డ్యూటీ చేయుచున్నది." "మా వాడు ఫోను చేసి పది దినములైనది, ఆ పేరు మరువకండి." బిడ్డ ఉయ్యాలలో నున్నప్పుడు తల్లి చేయి అందుచుండెను. ఇప్పుడు ఆ బిడ్డ ఎదిగి దూరము పోయెను. చేయి అందదు, భయము మాత్రము సముద్రములు దాటి పోవుచున్నది.

ఈ భయము అవిశ్వాసమని కొందరు బోధింతురు. మనము అట్లు చెప్పజాలము. ప్రేమ లేనివానికి భయము ఉండదు. అయితే ఆ భయమును చేతబట్టుకొని మనమేమి చేయుచున్నామన్నది అడుగవలసిన ప్రశ్న. పొయ్యిలోని నిప్పు అన్నము వండును, చూరు నంటిన నిప్పు ఇల్లు కాల్చును. ఈ నెల పాఠములో నలుగురు తలిదండ్రులను చూచి నేర్చుకొందము.

ఇది క్రొత్త భారము కాదు

మన తీరమునుండి బిడ్డలు దూరదేశములకు పోవుట నేటి మాట కాదు. మన తాతల కాలమున కాకినాడ, విశాఖపట్నము రేవులనుండి వేలకొలది తెలుగువారు స్టీమరెక్కి రంగూను పోయిరి. బియ్యపు మిల్లులలోను రేవులోను కూలి చేసి ఇంటికి డబ్బు పంపుచుండిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. 1942లో లక్షలకొలది భారతీయులు బర్మా విడిచిరి. అనేకులు అడవులను కొండలను కాలినడకను దాటవలసి వచ్చెను, వేలమంది దారిలోనే చనిపోయిరి. ఇక్కడి తల్లులకు అప్పుడు ఫోను లేదు. తపాలా బంట్రోతు వీధి మలుపు తిరుగునేమోనని నెలల తరబడి చూచుటయే వారి పని.

ఇంకను వెనుకకు చూడుడి. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇరువురు ఇంగ్లండులోని తమ ఇండ్లు విడిచి మచిలీపట్నము వచ్చిరి. ఫాక్సు ఆరోగ్యము చెడి 1848లో మరణించెను. నోబుల్ 1864 నవంబరు 1 నాటి ఉప్పెనను చూచి, 1865లో మచిలీపట్నములోనే కన్నుమూసెను. ఆ దినములలో ఒక ఉత్తరము ఓడమీద చేరుటకు నెలలు పట్టుచుండెను. వారి ఇండ్లవారు భయపడలేదని యెవరనగలరు? వారు భయపడియు పంపిరి. ఆ పంపకముయొక్క ఫలమును మన ప్రాంతము నేటికిని అనుభవించుచున్నది.

మన కాలమందును అంతే. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయినులో యుద్ధము మొదలైనప్పుడు, అచ్చట వైద్యము చదువుచుండిన మన తెలుగు బిడ్డల కొరకు ఎన్ని ఇండ్లలో దీపములు ఆరకుండెనో మనకు తెలియును. 2023 జూన్ 2 సాయంకాలము ఒడిశాలోని బహనాగా బజారు స్టేషనువద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదమునకు గురియైనది. 290 మందికి పైగా మరణించిరి. ఆ బండి విజయవాడలో ఆగు బండియే గనుక, ఆ రాత్రి మన జిల్లాలలో ఫోనులు మ్రోగని ఊరు లేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారమున, అది తలక్రిందులాయెను. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము నీట మునిగెను. ప్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు పోయెను. కరెంటు లేక ఫోనులు ఆగిపోయినప్పుడు దూరదేశములలోని బిడ్డలే తలిదండ్రుల కొరకు తల్లడిల్లిరి. కావున ప్రియులారా, దూరమందున్నవారే అపాయములో నున్నారనియు, ఇంటనున్నవారు క్షేమమనియు లెక్కవేయకుడి. హైదరాబాదులోని కొడుకు కొరకు ఉపవాసముండు తండ్రి, హెల్మెట్టు లేకుండ రాత్రివేళ జాతీయ రహదారిమీద మోటారు సైకిలు తోలు రెండవ కొడుకును ఒక మాటయైనను అడుగడు.

దావీదు ఆలస్యముగా అడిగిన ప్రశ్న

అబ్షాలోముతో యుద్ధము జరిగిన దినమున దావీదు రెండు గుమ్మముల మధ్య కూర్చుండెను. ఇరువురు వార్తాహరులు ఒకరి వెనుక నొకరు పరుగెత్తి వచ్చిరి. యుద్ధమెవరు గెలిచిరని రాజు అడుగలేదు. తన కుమారుడు క్షేమమేనా అనియే ఇరువురిని అడిగెను. మన గుండె ఆ ప్రశ్నను ఎరుగును.

కాని వెనుకటి అధ్యాయములు చదువుడి. అబ్షాలోము గెషూరులో మూడేండ్లుండెను. తరువాత యెరూషలేమునకు తేబడియు, నిండు రెండేండ్లు తండ్రి ముఖము చూడలేదు. ఒకే పట్టణము, రెండు ఇండ్లు, మధ్య మాట లేదు. అబ్షాలోము చేసిన పాపము అతనిదే. అందుకు దావీదును మాత్రమే నిందింపరాదు. అయినను కుమారుని క్షేమమడుగుటకు సులువైన ఆ దినములలో తండ్రి నోరు మెదపలేదు. గుమ్మములో అడిగిన ప్రశ్న మంచిదే, దానికి సమయము మించిపోయెను.

మనలో ఇది మరియొక విధముగా జరుగుచున్నది. ఫోను ఎత్తగానే, "నిన్న ఎందుకు చేయలేదు? ఈ నెల డబ్బేది? పెండ్లి మాట యేమి చేసితివి?" అని అడుగుదుము. కష్టము చెప్పిన బిడ్డను, "అప్పుడే వద్దంటిమి గదా" అని గద్దింతుము, లేక వారము దినములు అన్నము మానుదుము. బిడ్డ ఒకటి నేర్చుకొనును: ఇంటికి చెప్పదగిన మాట "బాగున్నాను" అన్నది ఒక్కటే. మూడు నెలలుగా జీతము రాలేదని, పాసుపోర్టు యజమాని పట్టుకొనెనని, సెల్‌ఫోను అప్పుల యాపులో చిక్కితినని, భర్త కొట్టుచున్నాడని చెప్పవలసిన నోరు మూతపడును. మన భయము వారిని కాపాడదు సరిగదా, వారి అపాయమును మననుండి దాచిపెట్టును. ఇదియే మన భయములోని గొప్ప నష్టము.

యాకోబు కట్టిన మూట

యోసేపును పోగొట్టుకొన్న యాకోబు బెన్యామీనును చేయి విడువడు. ఆ బిడ్డకేమైన నైనచో తాను దుఃఖముతో చచ్చెదనని చెప్పి మొదట పంపలేదు. ఈలోగా ఇంటిలోని ధాన్యము అయిపోయెను. ఆలస్యము చేయనియెడల ఈపాటికి రెండుమారులు వెళ్లి వచ్చియుందుమని యూదా చెప్పెను. ఒక బిడ్డను కాపాడబోయి ఇల్లంతయు ఆకలికి అప్పగించినట్లాయెను.

అప్పుడు యాకోబు ఏమి చేసెనో చూడుడి. తేనె, బోళము, బాదము కాయలు మూట కట్టించెను. రెట్టింపు రూకలు పంపెను. సంచులలో తిరిగివచ్చిన రూకలను గూర్చి జాగ్రత్త చెప్పెను. పిమ్మట సర్వశక్తుడగు దేవుని కరుణకు అప్పగించెను. జాగ్రత్తయు ప్రార్థనయు ఒకే నోట వచ్చెను. జాగ్రత్త పడుట విశ్వాసమునకు విరోధమని యాకోబు ఎంచలేదు.

మనమును మూట కట్టవలెను. గల్ఫు దేశములకు పనికి పోవు బిడ్డ యున్నచో, పంపు ఏజెంటు భారత విదేశాంగ శాఖయొద్ద నమోదైనవాడా కాడా చూడుడి. నమోదైన ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును దానిపై జి.ఎస్.టి.యు మాత్రమే, లక్షలు అడుగువానిని అనుమానింపుడి. పదవ తరగతి ప్యాసు కానివారు గల్ఫు మొదలైన దేశములకు పనికి పోవలెనన్న ప్రభుత్వ అనుమతి కావలెను. వారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. విజిటింగు వీసామీద పనికి పోయినవానికి ఈ కాపుదల లేదు. 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు వెలికితీసిన సంగతి మరువకుడి: కంప్యూటరు ఉద్యోగములని చెప్పి మన తీరపు యువకులను కంబోడియాకు పంపి, అచ్చట నిర్బంధించి, ఫోనులో జనులను మోసగించు పనికి వాడుకొనిరి.

పాసుపోర్టు, వీసా, పని ఒప్పందము నకళ్లు ఇంటిలో నుంచుకొనుడి. బిడ్డ పనిచేయుచోటు చిరునామా, తోడి స్నేహితులలో ఇద్దరి నంబరులు, ఆ దేశములోని మన రాయబార కార్యాలయపు నంబరు ఒక పుస్తకములో వ్రాసి బైబిలుతో పాటు ఉంచుడి. చదువురాని తల్లికి సంఘములోని యౌవనులు వ్రాసి పెట్టవలెను. ఇదియు పరిచర్యయే.

హన్నా కుట్టిన అంగీ

హన్నా సమూయేలును షిలోహులో విడిచి వచ్చెను. షిలోహు క్షేమమైన చోటేనా? అదే అధ్యాయము చదువుడి. ఏలీ కుమారులు దుర్మార్గులు. బలిమాంసమును బలవంతముగా లాగుకొనువారు. వారి నడత ఇశ్రాయేలంతట తెలిసినదే. అట్టి చోట ఆమె బిడ్డ నిద్రించుచుండెను. ఆమె బిడ్డను తిరిగి ఇంటికి తేలేదు, మరచియు పోలేదు. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసికొని పోవుచుండెను.

సమూయేలు అప్పటికి బాలుడు, మన బిడ్డలు పెద్దవారు. అయినను ఈ అంగీలో మనకు పాఠమున్నది. నిరుటి అంగీ ఈ యేడు పట్టదు. బిడ్డ ఎంత ఎదిగియుండునో ఆలోచించి ఆమె కొలత పెంచవలసి యుండెను. చింత అక్కరలేని చోట కూర్చుండి ఏడ్వవచ్చును. ప్రేమ మాత్రము సూది చేతబట్టి క్రొత్త కొలత తీసికొనును.

మనలో చాలమంది పదేండ్ల బిడ్డ కొలతకే ఇంకను అంగీలు కుట్టుచున్నాము. ఇరువది యెనిమిదేండ్ల కుమార్తెను, "అన్నము తింటివా?" అని అడిగి ఫోను పెట్టివేయుదుము. ఆ ప్రశ్న తప్పు కాదు, అది చాలదు. "అమ్మా, రాత్రి పని ముగించుకొని గదికి ఎట్లు వచ్చుచున్నావు? నీతో ఎవరుందురు? ఆఫీసులో నిన్ను ఎవరైన బాధ పెట్టుచున్నారా? ఏమి చెప్పినను మేము కోపగించుకొనము" అని అడుగుట ఈ యేటి కొలత. ఆమె చెప్పిన తరువాత కోపగించుకొనకుండుట ఆ అంగీకి వేయు గట్టి కుట్టు. ఇంకొక మాట: ఎదిగిన బిడ్డ తన నిర్ణయము తాను చేసికొనును. మన సలహా అంగీ వంటిది, సంకెల వంటిది కాదు. తొడుగుకొనుట వారి పని.

యోబు ప్రార్థనయు పెనుగాలియు

యోబు వేకువనే లేచి తన బిడ్డలలో ఒక్కొక్కని నిమిత్తము బలి నర్పించుచుండెను. ఎదిగిన బిడ్డల కొరకు పేరుపేరున ప్రార్థించుటకు ఇంతకంటె మంచి మాదిరి లేదు. అయినను ఒక దినమున అరణ్యమునుండి పెనుగాలి వచ్చి ఇల్లు కూల్చెను; బిడ్డలందరు మరణించిరి.

ఈ భాగమును మనము దాటవేయకూడదు. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన పడి సుమారు 10,000 మంది మరణించిరని ప్రభుత్వము లెక్కించెను. ఆ దినము ఉదయమున ప్రార్థించిన తల్లులు వారిలో లేరా? ప్రార్థన క్షేమమునకు చెల్లించు వెల కాదు. కాబట్టి బిడ్డను పోగొట్టుకొన్న యింటికి పోయి, "విశ్వాసము తక్కువైనది" అని యెవరును అనరాదు. యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక అతని ప్రక్కను కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిపోయిరి. మనము ఆ మొదటి ఏడు దినములను నేర్చుకొందము.

మరి ప్రార్థన యెందుకు? మన చేయి అందని చోట దేవుని చేయి అందును గనుక. బ్రతుకులో అందును, మరణములోను అందును. తన స్వకీయ కుమారుని ఇల్లు విడువనిచ్చి, ఆయన శ్రమలను చూచిన తండ్రితోనే మనము మాటలాడుచున్నాము. ఆయనకు మన గుండె కొట్టుకొనుట తెలియును.

దూరమందున్న బిడ్డలకు ఒక మాట

ఈ పత్రిక మీ చేతికి వచ్చిన యెడల వినుడి. యోసేపు పంపిన బండ్లను చూచిన తరువాతనే యాకోబు ప్రాణము తెప్పరిల్లెను. వారమునకొక దినము, ఒక వేళ నిర్ణయించుకొని ఫోను చేయుడి. వేళ తెలిసినచో మిగిలిన ఆరు దినములు మీ అమ్మ నిద్రపోవును. "బాగున్నాను" అని మాత్రమే చెప్పక, బాగులేనిది కూడ కొంచెము చెప్పుడి.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన బిడ్డ చివరిమారు మనకు ఒక కష్టము చెప్పినదెప్పుడు? అప్పుడు మనమేమంటిమి?
2. బిడ్డ నంబరు కాక, అచ్చటనున్న మరి ఇద్దరి నంబరులు మనయొద్ద నున్నవా?
3. మన ఊరిలో బిడ్డ వార్త అందక కుములుచున్న తల్లి యెవరు? ఈ వారము ఆమె యింటికి ఎవరు పోవుదురు?

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డల పేర్లు నీకు తెలియును. మేము చూడలేని వీధిలో వారితో నడువుము. వారు చెప్పునది వినుటకు మాకు చెవులిమ్ము. వారు తిరిగివచ్చు దినమువరకు మా చేతులను మంచి పనిలో నుంచుము. ఆమేన్.