మౌనం లేమి కాదు

మా కళాశాల నెట్‌వర్కును స్కాన్ చేసి సామాను జాబితా తయారుచేయమని మాస్టారు నాకు అప్పగించారు. 40 స్విచ్‌లు, ప్రింటర్లలో 12 టికి ఐపీ అడ్రసు తప్ప మోడలు, సీరియల్ నంబరు ఏమీ రాలేదు. "సామాను ఏమైందోయ్?" అంటూ అనుమానం పాపం ల్యాబు అటెండరు మీదికి పోయింది.

పింగ్ చేసి చూశాను, పన్నెండూ పలికాయి. అంటే పరికరాలు ఉన్నాయి! ఉనికి చెప్పేది పింగ్. వివరాలు చెప్పేది 1988లో వెలువడిన ఎస్.ఎన్.ఎం.పి. దానిని యూడీపీ 161వ పోర్టులో అడగాలి. ఫైర్‌వాల్ ఆ దారి మూసినా, 'కమ్యూనిటీ స్ట్రింగ్' అనే సంకేతపదం తప్పినా జవాబే రాదు. మా దగ్గర జరిగింది రెండోది. సంకేతపదం సరిచేసి మళ్ళీ స్కాన్ చేస్తే గడులన్నీ నిండాయి.

మిత్రులారా, ఖాళీ గడిని చూసి మనిషిని శంకించే ముందు, మనం అడిగిన తీరు సరిచూసుకుందాం.