పాత ఇనుము – కొత్త బొమ్మ



అరిగిన గేరు చక్రం. తెగిన చైను. కాలిపోయిన స్పార్కు ప్లగ్గు. వీటిని మనం ఏం చేస్తాం? పాత ఇనుప సామాను కొట్టులో వేస్తాం. కిలోల లెక్కన డబ్బు తీసుకుంటాం. కానీ ఇదే తుక్కుతో బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. అదొక కళ. అదొక బతుకుతెరువు కూడా.

తెనాలి శిల్పులకు పేరుపడిన ఊరు. అక్కడి శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర ఇనుప తుక్కుతో పెద్ద పెద్ద విగ్రహాలు చేశారు. 2021లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ విగ్రహం చేశారు. దాని ఎత్తు 14 అడుగులు. దానికి సుమారు 2 టన్నుల తుక్కు పట్టింది. ఢిల్లీలో 2019లో ఒక పార్కు తెరిచారు. అందులో తాజ్‌మహల్ వంటి ఏడు వింతల నమూనాలు ఉన్నాయి. అన్నీ తుక్కుతో చేసినవే.

మా అన్న కథ

మా అన్న విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కు. చిన్నప్పుడు బడికి పోలేదు. ఖాళీ దొరికితే చాలు, పాత బండి ముక్కలు ముందేసుకుని కూర్చుంటాడు. ఒకరోజు స్పార్కు ప్లగ్గుతో పిట్ట చేశాడు. చైను లింకులే దాని రెక్కలు. అందరూ మెచ్చుకున్నారు.

అది చూసి ఒక హోటలు యజమాని గుర్రం బొమ్మ అడిగాడు. "ఆరు వేలు ఇస్తా" అన్నాడు. అన్న సరే అన్నాడు. అంతా నోటిమాటే. కాగితం లేదు.

అన్న 14 రోజులు కష్టపడ్డాడు. మెడకు కమాను కట్టలు వాడాడు. జూలుకు చైన్లు, కళ్లకు బేరింగు గుండ్లు పెట్టాడు. గుర్రం పరుగెత్తుతున్నట్టే ఉంది! తీసుకెళ్లి అప్పగించాడు. యజమాని 5,000 చేతిలో పెట్టాడు. "మనం అనుకున్నది ఐదే గదా" అన్నాడు. అన్న ఏం చూపించగలడు?

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

తుక్కు 70 కిలోలు, కిలో 40 చొప్పున – 2,800 రూపాయలు
వెల్డింగు రాడ్లు – 700 రూపాయలు
కరెంటు, గ్రైండింగు చక్రాలు – 500 రూపాయలు
ఆటో బాడుగ – 600 రూపాయలు
మొత్తం ఖర్చు – 4,600 రూపాయలు

మిగిలింది 400. రోజుకు 30 రూపాయలు కూడా పడలేదు. అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెల్లీ, ఈ లెక్క నాక్కూడా నేర్పు" అన్నాడు. మర్నాటి నుంచి పలక పట్టాడు.

ఇప్పుడు బేరం కుదరగానే అన్న కాగితం తీస్తాడు. తేదీ, ఏ బొమ్మ, ఎత్తు ఎన్ని అడుగులు, మొత్తం ధర, అడ్వాన్సు, ఎప్పుడివ్వాలి – ఇవన్నీ రాస్తాడు. కింద ఇద్దరూ సంతకం చేస్తారు. తుక్కు కొన్నప్పుడు రశీదు అడిగి తీసుకుంటాడు. ఎందుకంటే దొంగసొత్తు కొంటే కొన్నవాడికీ చిక్కే.

బొమ్మ ఎలా చేస్తారు?

ముందు ముక్కలకు ఉన్న నూనె, జిడ్డు, తుప్పు పోగొట్టాలి. తర్వాత అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకోకపోతే అల్యూమినియమో, ఇత్తడో అయి ఉండవచ్చు. వాటిని మామూలు ఇనుప రాడ్డుతో అతకలేం. పోత ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది. కానీ మామూలు రాడ్డుతో అతికితే పగులుతుంది. దానికి వేరే రాడ్డు కావాలి.

నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీయాలి. చువ్వలతో లోపలి చట్రం కట్టాలి. ముక్కలను మొదట చుక్క చుక్కగా అతకాలి. దూరంగా నిలబడి చూడాలి. బాగుంటేనే గట్టిగా వెల్డింగు చేయాలి. చివర గ్రైండరుతో నునుపు చేసి, తుప్పు పట్టకుండా రంగో, వార్నిషో పూయాలి.

జాగ్రత్త! ప్రాణాల మాట

పెట్రోలు ట్యాంకుకు ఎన్నడూ నిప్పు చూపవద్దు. ఖాళీగా కనిపించినా లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది. అది పేలుతుంది. షాక్ అబ్జార్బరును కూడా వేడి చేయవద్దు. మూసి ఉన్న గొట్టం పేలవచ్చు.

నల్ల అద్దం లేకుండా వెల్డింగు వెలుగు చూడవద్దు. అప్పటికి ఏమీ తెలియదు. కొన్ని గంటలు పోయాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది. పక్కన నిలబడి చూసే పిల్లలకూ ఇదే ప్రమాదం.

జింకు పూత, క్రోమియం పూత ఉన్న ముక్కల పొగ విషం. పూత తీయకుండా వెల్డింగు చేయవద్దు. పూత గీకేటప్పుడు ఆ పొడి పీల్చకుండా మాస్కు వేసుకోవాలి. గాలి ఆడే చోటనే పని చేయాలి. నూలు బట్టలు, తోలు చేతి తొడుగులు, బూట్లు వేసుకోవాలి. నైలాను బట్టలు కరిగి ఒంటికి అంటుకుంటాయి.

పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐ.టి.ఐ.లో వెల్డరు కోర్సు ఉంది. ఒక సంవత్సరం చదవాలి. 8వ తరగతి పాసైనవారు చేరవచ్చు. మా అన్న ఇప్పుడు ఆ 8వ తరగతి కోసమే చదువుతున్నాడు.

ఆలోచించండి – చెప్పండి

1. అన్నకు నష్టం ఎందుకు వచ్చింది?
2. అన్న రోజు కూలీ 500 అనుకుంటే, ఆ గుర్రానికి ఎంత ధర అడగాలి? లెక్క వేయండి.
3. మీ పనిలో నోటిమాట మీద నష్టపోయారా? నాలుగు వాక్యాలు రాయండి.