మీ బిడ్డ పేరుకు అర్థం ఏమిటి?

ఒక సాయంత్రం మక్తబ్‌లో సూరయె ఫాతిహా పాఠం జరుగుతోంది. చివరి ఆయతు దగ్గరకు రాగానే ఎనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె తటాలున లేచి నిలబడింది. “హజ్రత్! ఇందులో నా పేరుంది” అంది సంబరంగా. ఆ అమ్మాయి పేరు అన్‌అమ్త. వెంటనే, “నా పేరుకు అర్థం ఏమిటి?” అని అడిగింది.

నేను కాస్సేపు తటపటాయించాను. అరబీలో అన్‌అమ్త అన్నది నామవాచకం కాదు, క్రియ. ‘నీవు అనుగ్రహించావు’ అని దాని అర్థం. దాసుడు తన ప్రభువును సంబోధిస్తూ పలికే మాట అది. తోటి పిల్లల ముందు ఆ పసిమనసును నొప్పించడం ఇష్టం లేక, “అల్లాహ్ అనుగ్రహాన్ని గుర్తుచేసే మాట బేటా” అని చెప్పి కూర్చోబెట్టాను. అబద్ధం చెప్పలేదు. కాని పూర్తి జవాబూ చెప్పలేదు. ఆ పూర్తి జవాబు వినవలసింది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. ఈ పాఠం అందుకే.

బిడ్డకు తొలి కానుక

పుట్టిన బిడ్డ తరఫున ఏడవ రోజున అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీయించి, పేరు పెట్టాలని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ సముర (రజి) ఉల్లేఖించారు. పుట్టిన నాడే పేరు పెట్టినా తప్పులేదు. దైవప్రవక్త (స) తనకు రాత్రి కుమారుడు కలిగాడని, తన పితామహుని పేరు మీద ఇబ్రాహీం అని నామకరణం చేశానని అనుచరులకు తెలియజేసిన విషయం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది.

పేరు పెట్టడం తండ్రికి మాత్రమే చెందిన పని అని కొందరు అనుకుంటారు. హజ్రత్ మర్యం (అ)కు పేరు పెట్టింది ఆమె తల్లి. దివ్య ఖుర్ఆన్ ఆ సంగతిని ఆలి ఇమ్రాన్ సూరాలో (3:36) ప్రస్తావించింది. పేరు పెట్టిన ఆ నోటితోనే ఆమె బిడ్డనూ, బిడ్డ సంతానాన్నీ షైతాను నుండి కాపాడమని ప్రభువును వేడుకుంది. పేరూ, ప్రార్థనా కలిసి సాగాలన్నది ఇందులోని పాఠం.

పేరు అరబీదే కానక్కరలేదు

మదరసాలో అరబీ వ్యాకరణం చదివిన ప్రతి విద్యార్థికీ ఒక సూత్రం తెలుసు. ప్రవక్తల పేర్లలో ఎక్కువ భాగం అరబ్బేతర భాషలవి. ఇబ్రాహీం, ఇస్మాయీల్, ఇస్‌హాఖ్, యాఖూబ్, యూసుఫ్, దావూద్ మొదలైన పేర్లను వ్యాకరణవేత్తలు ‘అజమీ’ పేర్లుగా లెక్కించి, వాటి విభక్తులకు వేరే నియమం చెప్పారు. ఇస్మాయీల్ అంటే హిబ్రూ భాషలో ‘దేవుడు వింటాడు’ అని అర్థం. మన పొరుగున ఉండే క్రైస్తవ సోదరుల ఇళ్ళల్లో వినిపించే యోసేపు, యాకోబు, దావీదు, మరియ అన్న పేర్లు మన యూసుఫ్, యాఖూబ్, దావూద్, మర్యంలే. ఒకే పేరు వేర్వేరు భాషల గుండా ప్రయాణించి ఒకే వీధికి చేరింది.

మన ఇళ్ళల్లోని పేర్లన్నీ అరబీవి కూడా కావు. ఫిరోజ్ ఫార్సీ పేరు, విజేత అని అర్థం. నస్రీన్ ఒక రకం గులాబీ. సికందర్ గ్రీకుల అలెగ్జాండర్ పేరుకు మారిన రూపం. ఖాన్, బేగం తురుష్క భాషల నుండి వచ్చాయి. మన పల్లెల్లో రైతులు ఆకాశంలో చూపించే కృత్తికల గుంపునే ఫార్సీలో పర్వీన్ అంటారు, అరబీలో సురయ్యా అంటారు. మూడు భాషలు, మూడు పేర్లు. నక్షత్రాలు మాత్రం అవే.

మార్చిన పేర్లు, మార్చని పేర్లు

అజ్ఞానకాలపు అరబ్బులు కొడుకులకు హర్బ్ (యుద్ధం), ముర్ర (చేదు), కల్బ్ (కుక్క) వంటి కటువైన పేర్లు పెట్టేవారు. శత్రువులు ఆ పేర్లు వినగానే భయపడాలని వారి ఉద్దేశం. దైవప్రవక్త (స) ఈ ధోరణిని సంస్కరించారు. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె ఒకామె పేరు ఆసియా, అంటే అవిధేయురాలు. దాన్ని జమీలాగా మార్చారు. బర్ర అంటే పుణ్యాత్మురాలు. వినడానికి మంచి పేరే. కాని అందులో ఆత్మస్తుతి ఉన్నందున ఆ పేరున్న ఒకామెకు జైనబ్ అని పేరు పెట్టారు. ఈ రెండు సంఘటనలూ ముస్లిం గ్రంథంలో ఉన్నాయి.

బుఖారీ గ్రంథంలో మరో సంఘటన ఉంది. హజ్న్ అనే వ్యక్తి వచ్చాడు. ఆ పేరుకు ఎగుడుదిగుడు నేల, కాఠిన్యం అని అర్థం. దైవప్రవక్త (స) ‘సహ్ల్’ (సులువు) అని మార్చుకొమ్మన్నారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని అతను బదులిచ్చాడు. ఆ తర్వాత తమ వంశంలో ఆ కరుకుదనం అలాగే ఉండిపోయిందని ఆయన మనవడు, ప్రసిద్ధ తాబయీ సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మ) చెప్పుకున్నారు. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు, బలవంతం చేయలేదు.

మరి మార్చని పేర్ల సంగతి? ఉమర్, ఉస్మాన్, ఖాలిద్, బిలాల్ (రజి) ఇస్లాం స్వీకరించక ముందు ఏ పేరుతో ఉన్నారో, తర్వాతా అదే పేరుతో ఉన్నారు. ఖదీజా అంటే నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ అని నిఘంటువులు చెబుతాయి. ఈ రోజు ఆ పేరు వినగానే మనకు ఆ అర్థం గుర్తు రాదు, విశ్వాసుల మాతృమూర్తి గుర్తుకు వస్తారు. పేరు మనిషికి గౌరవం తెస్తుంది. కొన్నిసార్లు మనిషే పేరుకు గౌరవం తెస్తాడు.

కాబట్టి కలిమా పలికిన సోదరుణ్ణి అదే రోజు పేరు మార్చుకోమని ఒత్తిడి చేయడం సరికాదు. అల్లాహ్‌కు కాక ఇతరులకు దాసుడని సూచించే పేరు, లేదా అర్థం చెడ్డదైన పేరు అయితే మార్చుకోవాలి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) పూర్వనామం అబ్దు అమ్ర్, అంటే అమ్ర్ దాసుడు. అది మారింది. కాని విజయ్ అంటే గెలుపు. ఫిరోజ్‌లో ఉన్నదీ గెలుపే. ఒకటి మన భాష, మరొకటి ఫార్సీ. అంతే తేడా.

మన ఇళ్ళల్లో జరిగే పొరపాట్లు

మొదటిది, చెవికి ఇంపుగా ఉందని ఖుర్ఆన్ నుండి ఏదో ఒక మాట ఏరుకోవడం. లైసా అంటే ‘కాదు, లేదు’. అలైనా అంటే ‘మాపై’. ఇవి ఖుర్ఆన్ పదాలే. కాని ఖుర్ఆన్‌లో ఉన్న ప్రతి మాటా పేరు కాదు. ఫిరౌను, ఖారూను పేర్లు కూడా ఖుర్ఆన్‌లోనే ఉన్నాయి కదా!

రెండవది, తెలుగు లిపిని మాత్రమే నమ్ముకోవడం. ఫిరౌను భార్య, పరమ విశ్వాసి అయిన ఆసియా పేరు అలిఫ్, సీన్ అక్షరాలతో ఉంటుంది. దైవప్రవక్త (స) మార్చిన పేరు ఐన్, సాద్ అక్షరాలతో ఉంటుంది. తెలుగులో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఐన్‌తో అలీమ్ అంటే సర్వం తెలిసినవాడు. హంజాతో అలీమ్ అంటే బాధాకరమైనది. పేరును ఒకసారి అరబీలోనో, ఉర్దూలోనో రాయించి చూసుకోవాలి.

మూడవది, పేరును ముక్కలు చేయడం. అబ్దుర్రహ్మాన్ అంటే కరుణామయుని దాసుడు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని హదీసులో ఉంది. మనం ఒకచోట ‘అబ్దుల్’ అంటాం, అది సగంలో ఆగిన మాట. మరోచోట ‘రహ్మాన్’ అంటాం, అది అల్లాహ్‌కు మాత్రమే చెల్లే నామం. రజ్జాఖ్, ఖాలిఖ్, ఖుద్దూస్ కూడా అంతే. ధ్రువపత్రాల్లో రాయించేటప్పుడే రెండు భాగాలూ విడిపోకుండా జాగ్రత్తపడాలి.

నాలుగవది, సంతానాన్ని ఫలానా బుజుర్గు ప్రసాదించారన్న భావనతో పేరు పెట్టడం. ఆడపిల్లలనైనా, మగపిల్లలనైనా ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడేనని ఖుర్ఆన్ (42:49) స్పష్టం చేసింది. పుణ్యాత్ముల మీద గౌరవం వేరు, వారిని ప్రదాతలుగా భావించడం వేరు.

ఐదవది, ఇతరుల పేర్లను ఎగతాళి చేయడం. పట్నంలో చదువుకున్నవాళ్ళు మన పల్లెల్లోని మస్తాన్‌బీ, నాగూర్‌బీ వంటి పేర్లు విని నవ్వుకోవడం నేను చూశాను. పరస్పరం చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని ఖుర్ఆన్ (49:11) ఆదేశించింది. ఆ పెద్దమ్మలు తమ పేరు తాము ఎంచుకోలేదు. సంస్కరణ పుట్టబోయే బిడ్డతో మొదలుపెట్టాలి, ముసలివారిని చిన్నబుచ్చడంతో కాదు.

ఆ అమ్మాయి సంగతి

తర్వాతి శుక్రవారం నమాజు అయ్యాక ఆమె తండ్రిని పక్కకు పిలిచి విషయం చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. “ఫోన్‌లో వెతికి పెట్టాం హజ్రత్. ‘అల్లాహ్ వరం’ అని రాసి ఉంది” అన్నారు. ఇందులో షిర్క్ లేదనీ, చెడు అర్థం లేదనీ, పాపం చేశామని కుమిలిపోనక్కర లేదనీ చెప్పాను. మార్చాలనుకుంటే అదే ధాతువు నుండి నయీమా, నిఅమత్ వంటి చక్కని పేర్లున్నాయని, కాగితాల్లో మార్చడం కష్టమైతే కనీసం ఇంట్లో పిలుచుకోవచ్చని సూచించాను. “ముందు పిల్లను అడగాలి. తన పేరంటే దానికి ప్రాణం” అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను కూర్చోబెట్టుకొని, ఒక్కొక్కరి పేరుకు అర్థం ఏమిటో, ఆ పేరు ఎవరిదో, మీరెందుకు పెట్టారో చెప్పండి. మీకు తెలియకపోతే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. పిల్లవాడు ఆ ప్రశ్న పదిమంది ముందు అడగక ముందే ఇంట్లో జవాబు సిద్ధంగా ఉండాలి.

అల్లాహ్ మన సంతానానికి మంచి పేర్లనూ, ఆ పేర్లకు తగిన నడవడినీ ప్రసాదించుగాక! ఆమీన్.