పాత పికప్‌కు గాలి బెలూన్లు: కుదుపు తగ్గుతుంది, మోసే బరువు పెరగదు

టమాట, మామిడి, కోడిగుడ్లు, పూలు మార్కెట్‌కు తోలే చిన్న రైతులు ఈమధ్య నలుగురైదుగురు కలిసి పాత పికప్ బండి కొనుక్కుంటున్నారు. బండి పాతబడే కొద్దీ వెనక కమాన్లు వాలిపోతాయి. లోడు వేస్తే తోక దిగుతుంది, గుంటల్లో ఇరుసు ఛాసిస్‌కు తగిలి ఠంగుమంటుంది. అప్పుడు మెకానిక్ "ఇంకో రెండు పట్టీలు వేద్దాం" అంటాడు. ఇంకొకరు "గాలి బెలూన్లు పెట్టించు, బస్సులాగా మెత్తగా పోతుంది" అంటారు. ఏది మేలు? డబ్బు పెట్టే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

కమాను చేసే పనులు రెండు

కమాన్ కట్ట బరువు మోస్తుందని అందరికీ తెలుసు. దానికి రెండో పని కూడా ఉంది. వెనక ఇరుసు ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరగకుండా పట్టుకునేది కూడా అదే. యూ బోల్టులు, సెంటర్ బోల్టు, రెండు కొసల్లో బుష్‌లు కలిసి ఇరుసును తన చోట నిలుపుతాయి. ఈ రెండో పనిని మరచిపోతేనే బెలూన్ల విషయంలో ప్రమాదం వస్తుంది.

పట్టీ పెంచితే ఏమవుతుంది?

ఒక బండికి 5 పట్టీల కట్ట ఉందనుకోండి. 1000 కిలోలు వేస్తే 10 సెంటీమీటర్లు దిగుతుంది. అదే మందంలో నిండు పొడవు పట్టీ ఇంకొకటి వేస్తే బిగువు ఐదో వంతు పెరుగుతుంది, దిగడం 8 సెంటీమీటర్ల పైచిలుకుకు తగ్గుతుంది. పట్టీ మందం మార్చితే తేడా ఇంకా ఎక్కువ. 8 మిల్లీమీటర్ల పట్టీ తీసి అదే పొడవు, అదే వెడల్పున్న 10 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, ఆ పట్టీ బిగువు దాదాపు రెట్టింపవుతుంది.

నిండు లోడుకు ఇది బాగానే ఉంటుంది. కానీ చిన్న రైతు బండి రోజూ నిండు లోడుతో పోదు. సగం లోడుతో, తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోతుంది. బిగువు పెరిగిన కమాను తక్కువ బరువుకు వంగదు. బండి గుంటలో పడినప్పుడల్లా ఎత్తెత్తి కొడుతుంది. వెనక డోరు దగ్గరి ట్రేలే ఎక్కువ ఎగురుతాయి. పండు పండుకు తగిలి కమిలిపోతుంది. మార్కెట్‌లో ధర తగ్గేది అక్కడే. పట్టీకి పెట్టిన ఖర్చు ఒకసారే, పండుకు పోయేది ప్రతి ట్రిప్పుకూ.

బెలూను ఎలా పనిచేస్తుంది?

ఆర్టీసీ గరుడ వోల్వో బస్సు మెత్తగా పోవడానికి కారణం దాని కింద ఉన్న గాలి బెలూన్లే. మందపాటి రబ్బరు, దానిలో దారపు పొరలు, పైనా కిందా ఇనుప పళ్లేలు. లెక్క సులువు. బెలూను బరువు మోసే విస్తీర్ణం 150 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. టైరుకు కొట్టినట్టే 28 పౌండ్ల గాలి కొడితే చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోల ఒత్తిడి. అంటే ఒక్కో బెలూను 300 కిలోలు, రెండూ కలిసి 600 కిలోలు మోస్తాయి. లోడు పెరిగితే గాలి పెంచుతాం, దింపాక తగ్గిస్తాం. బిగువు మన చేతిలో ఉంటుంది. పట్టీకి లేని గుణం ఇదే.

మార్చే పద్ధతులు రెండు

మొదటిది, కమాన్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చెరో బెలూను తోడుగా పెట్టడం. ఇరుసును కమానే పట్టుకుంటుంది, బెలూను బరువులో కొంత పంచుకుంటుంది.

రెండోది, కమాన్లు పూర్తిగా తీసేసి బరువంతా బెలూన్ల మీద ఆనించడం. అమెరికాలో పాత పికప్‌ల మీద సరదా ఉన్నవాళ్లు బండిని నేలకు ఆనేలా దించడానికి ఇలా చేయిస్తారు. అక్కడ 1960 నుంచి 1972 వరకు వచ్చిన షెవర్లే సి10 పికప్‌లలో చాలావాటికి వెనక కమాన్లే లేవు. ఇరుసును పొడవాటి రెండు చేతులు, ఒక అడ్డ రాడ్డు పట్టుకుంటాయి. బరువు చుట్ట స్ప్రింగుల మీద ఉంటుంది. కాబట్టి స్ప్రింగు తీసి ఆ చోట బెలూను పెట్టినా ఇరుసు కదలదు.

మన పికప్‌లలో ఎక్కువ వాటికి వెనక ఉన్నవి కమాన్లు. అవి తీసేస్తే ఇరుసును పట్టుకునేది ఏదీ ఉండదు. దానికి కొత్తగా రాడ్లు, బ్రాకెట్లు, అడ్డ రాడ్డు లెక్క ప్రకారం కట్టాలి. కంప్రెసర్, గాలి ట్యాంకు, వాల్వులు కావాలి. పట్టీల రాపిడి వల్ల ఊపు కొంత తగ్గేది, అదీ పోతుంది కనుక మంచి షాక్ అబ్జార్బర్లు కూడా కావాలి. ఒక్క వెల్డింగు విడిపోయినా ఇరుసు అడ్డం తిరుగుతుంది. అద్దె లోడు తోలే రైతుకు ఈ పద్ధతి వద్దు. ఆలోచించదగ్గది మొదటి పద్ధతే.

అసలు మెలిక బ్రేకులో ఉంది

మీ బండి కింద వంగి చూడండి. చాలా పికప్‌లలో వెనక హౌసింగ్‌కూ ఛాసిస్‌కూ మధ్య సన్నని కడ్డీయో స్ప్రింగో కనిపిస్తుంది. దాని రెండో కొస బ్రేక్ వాల్వుకు తగిలి ఉంటుంది. లోడు పడి బాడీ దిగితే ఆ వాల్వు వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ పంపుతుంది. బండి ఖాళీగా ఎత్తున ఉంటే తగ్గిస్తుంది.

ఇప్పుడు నిండు లోడు వేసి, బెలూన్లలో గాలి కొట్టి బాడీని ఎత్తున నిలిపారనుకోండి. వాల్వు లెక్కలో బండి ఖాళీ. వెనక బ్రేకు తగ్గిపోతుంది. ఘాట్‌లో దిగేటప్పుడు భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. అదనపు పట్టీలు వేసినా ఇదే జరుగుతుంది. కాబట్టి ఏ మార్పు చేసినా ఆ వాల్వును కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచేయించాలి. ఆ పని తెలియని మెకానిక్ చేత బెలూన్లు కట్టించవద్దు.

ఎంత వేయాలో ఆర్‌సీ చెబుతుంది

బెలూను పెట్టాక బండి తోక దిగదు. అందుకే ఎక్కువ లోడు వేయాలనిపిస్తుంది. అది పొరపాటు. బరువు మోసేది కమాను ఒక్కటే కాదు. టైర్లు, ఇరుసు, బేరింగులు, ఛాసిస్, బ్రేకులు పాతవే కదా.

ఆర్‌సీలో లాడెన్ వెయిట్ 2700, అన్‌లాడెన్ వెయిట్ 1600 అని ఉంటే తేడా 1100 కిలోలు. ఇందులోనే డ్రైవరూ, పక్కన కూర్చున్న మనిషీ వస్తారు. వాళ్లకు 130 తీసేస్తే మిగిలింది 970. ట్రేతో కలిపి 27 కిలోలు లెక్కేస్తే 35 ట్రేలకు 945 అవుతుంది. 40 ట్రేలు వేస్తే 1080, అంటే హద్దు దాటినట్టే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున జరిమానా రాశారు. ఎక్కువైన సరుకు అక్కడే దింపించే అధికారం కూడా ఉంది. ఎండలో దింపిన టమాట గతి మీకు చెప్పనక్కరలేదు.

ఇంకో మాట. 1988 చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికీ, ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చే మార్పులు సొంతంగా చేయకూడదు. బెలూన్లు పెట్టించే ముందు ఆర్టీఏ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. ప్రమాదం జరిగాక నోటిమాట పనికిరాదు.

పెట్టించేటప్పుడు చూసుకోవలసినవి

• ముందు కమాన్లు విప్పి చూడాలి. విరిగిన పట్టీ, అరిగిన బుష్, సాగిన యూ బోల్టు ఉంటే మార్పించాలి. చాలా బండ్లకు ఇంతటితోనే సమస్య తీరుతుంది, బెలూను అవసరమే రాదు.

• బెలూను ఉబ్బినప్పుడు టైరు, బ్రేకు పైపు, సైలెన్సర్ గొట్టం దేనికీ తగలకూడదు. సైలెన్సర్ వేడికి రబ్బరు పాడవుతుంది.

• ఎడమ, కుడి బెలూన్లకు విడివిడిగా గాలి పైపులు వేయించాలి. రెండూ ఒకే పైపుకు కలిపితే మలుపులో బరువు పడిన వైపు గాలి రెండో వైపుకు పారి బండి ఇంకా ఒరుగుతుంది.

• ఇరుసు పైకి వచ్చినప్పుడు ఆపే రబ్బరు దిమ్మె తీసేయవద్దు. బెలూను పగిలితే బండిని కాపాడేది అదే.

• ఇరుసు హౌసింగ్ మీద వెల్డింగు వద్దు. బిగించే బ్రాకెట్లే వాడాలి.

• ఖాళీగా ఉన్నా బెలూనులో కంపెనీ చెప్పిన కనీస గాలి ఉంచాలి. లేకపోతే రబ్బరు మడతపడి చిరుగుతుంది. గరిష్ఠ హద్దు కూడా దాటకూడదు.

• సబ్బు నీళ్లు పూసి అతుకుల దగ్గర బుడగలు వస్తాయేమో చూడాలి. బిగించిన వారం తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. హెడ్‌లైట్ల వాలు సరిచూసుకోవాలి.

• గాలి మీద నిలిచిన బండి కింద ఎవరూ దూరకూడదు. జాకీ ఎత్తి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాకే పని చేయాలి.

ఖర్చు లేని జాగ్రత్తలు

బెలూన్లు పెట్టించే స్తోమత లేకపోయినా కుదుపు తగ్గించే దారులున్నాయి. టైరు గాలి లోడుకు తగినట్టు ఉంచండి. సగం లోడుకు నిండు లోడు గాలి ఉంటే టైరే ఎగరేస్తుంది. బరువు ట్రేలు ముందు భాగంలో, ఇరుసుకు ముందువైపు పేర్చండి. డోరు దగ్గర గట్టి సరుకు పెట్టండి. ట్రేల కింద ఎండు గడ్డి పరచండి. ట్రేలు కదలకుండా తాడు బిగించండి. ఆయిల్ కారుతున్న షాక్ అబ్జార్బర్లను జంటగా మార్పించండి.

ఇవన్నీ చేశాక కూడా రోడ్డు పండును కొడుతుంటే, అప్పుడు బెలూన్ల గురించి ఆలోచించండి. బెలూన్లు పెట్టించినా, పెట్టించకపోయినా, వేసే ట్రేల సంఖ్య మాత్రం ఆర్‌సీ లెక్క దాటకూడదు.