ఆంగ్లమును పైకి చదువుట – సంభాషణ పరీక్ష

సాయంకాలమున మన వీధులవెంట నడచినచో ఇంటింటను పిల్లలు పాఠములు చదువు ధ్వని వినవచ్చుచుండును. అందులో ఆంగ్లపాఠము చదువువానిని గుర్తించుట కష్టము కాదు. తెలుగుపద్యము చదువునపుడు ఆగవలసినచోట ఆగువాడే ఆంగ్లపుస్తకము చేతబట్టగానే బాన్సువాడ బస్సు దాటిపోవునేమో యన్నట్లు పరుగెత్తును. వేగముగా చదువుటయే బాగుగా చదువుట యని వాని నమ్మకము. సంభాషణ పరీక్షలో మనవారిని పడవేయుచున్నది ఈ పరుగే.

ఈ పరీక్ష ఇపుడు పట్టణములవారికి మాత్రమే సంబంధించినది కాదు. 2022–23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. 2023–24 నుండి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు ఆంగ్లమున నూటికి 20 మార్కులు ప్రాక్టికల్ పరీక్షకు కేటాయింపబడినవి. విదేశములకు పోగోరువారు వ్రాయు ఐఈఎల్‌టీఎస్‌లో పరీక్షకుడు ఎదుట కూర్చుండి 11 మొదలు 14 నిమిషములు మాటలాడించును. అందు చదివి వినిపింపుమని యడుగరు. పీటీఈ యను పరీక్షలోనో, కంప్యూటరు తెరపై కనబడు భాగమును పైకి చదువవలెను. కావున పైకి చదువుట ఒకచోట పరీక్షయే, మరియొకచోట సాధన మాత్రము.

మనకు తెలుగులో వ్రాసినట్లు చదువుట అలవాటు. ఆంగ్లమున నట్లు కాదు. 'రిసీట్' అను మాటలో 'పి' అక్షరమున్నను పలుకదు. భూతకాలమును తెలుపు 'ఇ, డి' అను రెండక్షరములు 'ఆస్క్' చివర 'ట్' అనియు, 'కాల్' చివర 'డ్' అనియు, 'వాంట్' చివర 'ఇడ్' అనియు పలుకును. మనవారు మూడుచోట్లను 'ఎడ్' అనియే లాగుదురు. తెలుగుమాట అచ్చుతో ముగియుట సహజము గనుక బుక్కు, బస్సు, పెన్ను అనుచున్నాము. తెలుగులో అవి తప్పులు కావు, వానిని దిద్దవలసిన పనియు లేదు. ఆంగ్లవాక్యము చదువునపుడు మాత్రము ఆ తుది ఉకారమును విడువవలెను. పడమరను తెలుపు 'వెస్ట్', లోపల తొడుగు 'వెస్ట్' మనకు వ్రాతలో ఒకటే. మొదటిదానికి పెదవులు గుండ్రముగా చుట్టవలెను, పండ్లు తగులరాదు. రెండవదానికి పైపండ్లు క్రిందిపెదవిని తాకవలెను. అద్దము ముందు నిలిచిన రెండు దినములలో పట్టువడును.

ఒక విషయమున మద్నూరు పిల్లలు అదృష్టవంతులని నా అభిప్రాయము. మన మండలము మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులచెంత నున్నది. 2016 వరకు నిజామాబాదు జిల్లాలోను, అటుపిమ్మట కామారెడ్డి జిల్లాలోను చేరినను, మన సంతలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ కలసియే వినబడును. నిజాము కాలమున రాజభాష ఉర్దూ; 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు మొదట ఉర్దూలోనే జరిగెను. ఆ మాటలు మన నోళ్లలో నిలిచియున్నవి. ఆంగ్లపు 'జూ' అను మాటలోని తొలిధ్వని కోస్తాజిల్లాల పిల్లలకు కొరుకుడుపడదు. మనవారిలో ఉర్దూ మాటలాడువారు 'జమీన్' అనునపుడు ఆ ధ్వనినే పలుకుదురు. 'జొన్న' అనునపుడు మనము పలుకు దంత్యజకారము, 'దగ్గర' యని చెప్పుటకు మరాఠీవారు 'జవళ్' అనునపుడు పలుకునది, దానికి చుట్టములే. నాలుకకొనను పండ్లకు అంటనీయక, దగ్గరగా నుంచి, గాలిని సాగనిచ్చినచో జొన్నలోని జకారమే 'జూ'లోనిది యగును. నేను తరగతిలో ఈ పాఠమును జొన్నతోనే ప్రారంభింతును.

ధ్వనులకంటె కష్టమైనది ఊనిక. తెలుగులో ప్రతి అక్షరమునకు ఇంచుమించు సమానముగా కాలమిత్తుము. ఆంగ్లమున మాటలో ఒక భాగము బలముగా పలికి తక్కినవి తేలిపోవును. 'ఫోటోగ్రాఫ్' అనునపుడు ఊనిక మొదటి భాగముపైనను, ఫోటో తీయువానిని 'ఫొటోగ్రఫర్' అనునపుడు రెండవదానిపైనను, 'ఫోటోగ్రాఫిక్' అనునపుడు మూడవదానిపైనను పడును. 'రికార్డ్' నామవాచకమైనచో మొదట, క్రియయైనచో చివర నొక్కవలెను. డేనియల్ జోన్స్ గారి ఉచ్చారణ నిఘంటువు 1917లో వెలువడినది మొదలు ఇట్టివానికి ఆధారగ్రంథములు కలవు. సాధారణ నిఘంటువులలోను ఊనిక గల భాగమునకు ముందు చిన్న నిలువుగీత యుండును. పిల్లలు అర్థము చూతురు గాని ఆ గీతను చూడరు.

ఇక సాధన. మన పెద్దలు పద్యమును పదచ్ఛేదము చేసి, అన్వయము చూచి, పిదప చదివెడివారు. ఆ క్రమమే ఇచటను పనికివచ్చును. పది పంక్తులకు మించని భాగమును మనసులో చదివి అర్థము చేసికొని, ఆగవలసిన చోట్ల పెన్సిలుతో గీతలు పెట్టుకొనవలెను. బాగుగా చదువువారివలన దానిని ఒకమారు వినవలెను. తరువాత పైకి చదివి, ఇంట ఫోనుండినచో అందు పట్టి, వినవలెను. తన కంఠము తనకే వింతగా తోచి నవ్వు వచ్చును, రానిండు.

అటుపిమ్మట పుస్తకము మూసి, చదివినదానిని సొంతమాటలలో చెప్పవలెను. దీనిని నేను చాలకాలము విడిచితిని. నాయొద్ద చదివిన యొక బాలుడు ఒకచోట మౌఖికపరీక్షకు పోయి, తప్పులేకుండ చదివెను. పరీక్షకుడు "ఈ కథలో నీకు నచ్చినవారెవరు?" అని ఆంగ్లమున నడిగెను. బాలుడు తలవంచి మొదటి పంక్తినే మరల చదువనారంభించెను. తప్పు వానిది కాదు, నాది. వానికి చదువుట నేర్పితిని, మాటలాడుట నేర్పనైతిని.

ఆంగ్లము రాని తల్లిదండ్రులు తాము చేయగలిగినదేమియు లేదనుకొందురు. చదివిన పిమ్మట "ఏమి చదివితివి? మన మాటలో చెప్పు" అని యడిగిన చాలును. చెప్పలేనిచో బిడ్డకు అర్థము కాలేదని తెలియును. దొరలవలె పలుకుటలేదని బెంగపడవలదు. ఐఈఎల్‌టీఎస్ సంభాషణలో ధారాళత, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణ యను నాలుగింటికి సమానమైన విలువ యున్నది. ఉచ్చారణ అందులో నాలుగవ పాలు మాత్రమే.

తరగతిలో మరియొక చిక్కు కలదు. ఒకరు తడబడగానే తక్కినవారు నవ్వుదురు. నవ్వులపాలైన బాలిక ఆ సంవత్సరమంతయు నోరు విప్పదు. అందుచే మా తరగతిలో చదువువారికి తప్ప ఎవరికిని పుస్తకము తెరచు అనుమతి లేదు. వినువారు మాట తెలియనిచోట చేయి యెత్తుదురు. చదువువారు ఆగి, ఆ వాక్యమును మెల్లగా మరల చదువుదురు.