మరుగుజ్జుల కొలిమి

కంప్యూటరుపై ఆడు ఆటలు పెక్కు కలవు. వానిలో చాలవరకు, తయారుచేసినవారు గీచిన గీటును ఆడువాడు దాటుటకు వీలుండదు. వారు పరచిన త్రోవను నడచి, వారు పెట్టిన ద్వారమున వెలికి రావలసినదే. ఇచట చెప్పబోవు ఆట అట్టిది కాదు. దాని పేరు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్, అనగా మరుగుజ్జుల కోట. అమెరికా దేశీయులగు టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను అన్నదమ్ములు దీనిని నిర్మించి, 2006వ సంవత్సరము ఆగస్టు నెలలో ఉచితముగా లోకమునకు ఒసగిరి. 2012లో న్యూయార్కు నగరమందలి ఆధునిక కళా ప్రదర్శనశాల తన సేకరణమునకై ఎంచుకొనిన పదునాలుగు ఆటలలో ఇదియు నొకటి.

ఆట మొదలగునప్పుడు ఏడుగురు మరుగుజ్జులు ఒక కొండ చెంతకు వత్తురు. కొండను త్రవ్వి, రాతిని చెక్కి, లోహమును కరగించి వారు కోట కట్టుకొందురు. అంతకుముందే యంత్రము పర్వతములను, నదులను, రాజ్యములను, వాని పూర్వ చరిత్రను కల్పించియుండును.

ఈ లోకపు నియమములు పెక్కు సామాన్యమైన అక్షరములతో వ్రాసిన ఫైళ్లలో ఉన్నవి. ఎవరైనను తెరచి చదువవచ్చును, మార్చవచ్చును, క్రొత్తవి చేర్చవచ్చును. అట్టి చేర్పునకే మాడ్ అని పేరు.

వస్తువులను తయారుచేయు విధిని రియాక్షన్ అందురు. అది వంటకపు పద్ధతి వంటిది. పని ఏ శాలలో జరుగవలెను, ముడి సరుకు లేవి, ఫలితమేమి, ఏ నేర్పు కావలెను అనునవి అందుండును. కంచు సంగతి చూడుడు. ఒక రాగి కడ్డీ, ఒక తగరపు కడ్డీ, కొలిమికి ఇంధనము. ఫలితము రెండు కంచు కడ్డీలు. మన కంచరులును రాగిని, తగరమును కలిపియే కంచు పోయుదురు.

ఇచటనే క్రొత్తవారు తడబడుదురు. ఆటలో ఒక కడ్డీ 150 పాళ్లుగా లెక్కింపబడును. కావున ఒక కడ్డీ కావలెనన్నచో 150 అని వ్రాయవలెను. 1 అని వ్రాసినచో కడ్డీలో 150వ పాలు మాత్రమే ఖర్చగును. అప్పుడు ఒక్క కడ్డీతో నూటయేబది మారులు పోత పోయవచ్చును! ఆట అభ్యంతరము చెప్పదు. వ్రాసినదానిని వ్రాసినట్లే చేయును. వ్యాకరణ సూత్రములు కఠినములని మొరపెట్టుకొను విద్యార్థులు ఈ ఫైళ్లను ఒకమారు చూడవలెను. మరియొక నిబంధన కలదు. మరుగుజ్జుల నాగరికతకు మౌంటెన్ అని సంకేతనామము. దాని విద్యల పట్టికలో విధి పేరు చేర్చనిచో, కొలిమి యున్నను, లోహమున్నను, వారికి ఆ పని తెలియదు.

ఇక మనమే పంచలోహమును చేర్చదలచితిమనుకొనుడు. లోహపు గుణములను ఒక ఫైలులోను, తయారుచేయు విధిని మరియొక ఫైలులోను వ్రాసితిమి. దాని విలువ యెంత? ఆటలో బంగారము విలువ 30, వెండి 10, రాగి, తగరము, జింకు ఒక్కొక్కటి 2. అయిదు కడ్డీల మొత్తము 46. అయిదు వేసి అయిదు తీసినచో ఒక్కొక్కదానికి సగటున తొమ్మిదికి కొంచెము పైన వచ్చును. రెండేసి విలువగల రాగి, తగరములు కలసిన కంచునకు ఆటలో 5 విలువ కలదు. అనగా పనివాని నేర్పునకు కొంత కలిపిరి. ఆ లెక్కను మన లోహమునకు 12 ఇచ్చుట సబబు. ఉబలాటముతో 100 ఇచ్చితిమా, నాలుగు పోతలతో కోట ఐశ్వర్యవంతమగును. ఐశ్వర్యము పెరిగినచో వలస వచ్చువారును పెరుగుదురు, శత్రువుల దండయాత్రలును ముందుగానే వచ్చును. గోడ లేవకమునుపే కోట కూలును. పంచుకొనిన మాడ్‌లో ఇట్టి లోపమున్నచో కూలునది మన కోట యొక్కటియే కాదు, దానిని నమ్మి తెచ్చుకొనిన అపరిచితుల కోటలు కూడ. పైగా మాడ్‌లను లోకసృష్టికి పూర్వమే ఎంచుకొనవలెను. నెలల తరబడి కట్టినది ఒకపాటున పోవుట చిన్న నష్టము కాదు.

2022 డిసెంబరు 6న కిట్‌ఫాక్స్ గేమ్స్ అను సంస్థ ద్వారా ఈ ఆట చిత్రములతో, వెలకు, స్టీమ్‌లో వెలువడెను. పాత ఉచిత రూపమును నిలిపియుంచిరి. ఆ క్రొత్త రూపమున ప్రతి మాడ్‌కును ఒక సమాచార పత్రము ఉండవలెను. అందు పేరు, కర్త, సంఖ్య, వివరణము వ్రాయుదురు. పూర్వము ఇద్దరు ఒకే ఫైలును మార్చినచో ఒకరి పని మరియొకరి పనిని చెరపెడిది. ఇప్పుడు మూలమును ముట్టక, కావలసిన భాగమును మాత్రమే ఎంచి చేర్చుటకు వీలు కలిగినది. అయినను ఇద్దరు తమ లోహమునకు ఒకే సంకేతనామము పెట్టినచో చిక్కు తప్పదు. కావున తెలిసినవారు ప్రతి నామమునకు ముందు తమ గుర్తును చేర్చుదురు.

పత్రమున చాలమంది వ్రాయని వాక్యమొకటి కలదు. తరువాత దీనిని ఇతరులు సవరింపవచ్చునా, లేదా అనునది. ఆట మారుచుండును. పాత విధులు చెల్లకపోవుచుండును. కర్త వేరు పనులలో పడి మరలి రాకపోవచ్చును. అనుమతి వ్రాసియున్నచో మరియొకరు ఆ పనిని అందుకొని, మొదటివాని పేరు నిలిపి, సవరించి పంచుదురు. వ్రాయనిచో, సవరించు నేర్పు గలవారు ఎందరున్నను ఆ ఫైలును ముట్టుటకు సంకోచింతురు.